కూతురు ఇచ్చిన నవల చదివినప్పటి నుంచి మనసు బాగోలేదు

ప్రశ్న: మేం 1999లో న్యూజెర్సీ వచ్చాం. మా అమ్మాయి కాలేజీలో రెండో సంవత్సరం. మొన్న సెలవులకి వచ్చి, అమెరికాలో స్థిరపడ్డ బెంగాలీ కుటుంబం మీద ఝంపా లాహిరి రాసిన నవల ‘ది నేమ్‌సేక్’ నా చేతిలో పెట్టి ‘చదువమ్మా’ అంది. సగం దాకా ఏడుస్తూ చదివాను, అచ్చం నా కథే. ఆ తర్వాత కొడుకు అమ్మానాన్నలకి దూరం జరిగే భాగం చదువుతుంటే ఒళ్లు మండిపోయింది. అతను పేరు మార్చుకునే పేజీలో మా అమ్మాయి పెన్సిల్‌తో గీత గీసింది. తనకి మా అమ్మ పేరు పెట్టుకున్నాం. కాలేజీలో దాన్ని రెండక్షరాలు చేసేసింది. ఇదంతా నాకు చెప్పడానికే ఆ పుస్తకం ఇచ్చిందా? తను ఫోన్ చేస్తే ఏం మాట్లాడాలో తెలియక వాళ్ల నాన్నకి ఇచ్చేస్తున్నాను.
– ఒక తల్లి, ఎడిసన్

జవాబు: అమ్మా, ఒకే పుస్తకం మీద ప్రేమా కోపమూ రెండూ రావడంలో తప్పేం లేదు. ఆ కొడుకు గోగోల్ తన ప్రియురాలు మాక్సీన్ వాళ్లింట్లో మకాం పెట్టి సొంత తల్లికి ఫోన్ చేయడానికి బద్ధకించే పేజీల్లో నాకూ బాధేసింది.

కానీ మొదటి పేజీ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. 1968, అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో చిన్న వంటిల్లు. గోగోల్‌ని కడుపులో మోస్తూ నెలలు నిండిన అషిమ, మరమరాల్లాంటి రైస్ క్రిస్పీస్‌లో వేరుశెనగపప్పు, ఉల్లిపాయ ముక్కలు, ఉప్పు, నిమ్మరసం, పచ్చిమిర్చి కలుపుకుంటుంది. కలకత్తాలో రోడ్డు పక్కన అమ్మే మరమరాల రుచి కోసం ఆరాటం. ఆవనూనె లేదు, ఆ రుచి రాదు. పాలకూరలో చింతపండు వేసి గోంగూర అనుకుని తిన్న మనవాళ్లకి ఆ వెలితి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మీ అమ్మాయి పెన్సిల్ గీత దాకా వెళ్లింది ఈ వంటింట్లోంచే. మీ ఒంటరితనాన్ని చదివాకే తన బాధ దగ్గరికి వచ్చింది. మిమ్మల్ని వదిలించుకోవాలనుకునే పిల్ల ఆ పుస్తకాన్ని తెచ్చి మీ చేతిలో ఎందుకు పెడుతుంది?

ఇక పేరు సంగతి. పద్దెనిమిదేళ్లకి నిఖిల్ అయిపోయినప్పుడు, తండ్రి తనకి గోగోల్ అని ఎందుకు పెట్టాడో ఆ అబ్బాయికి తెలియదు. 1961లో జరిగిన రైలు ప్రమాదంలో, గోగోల్ అనే రష్యన్ రచయిత పుస్తకంలోని కాగితం చేతిలో ఉండబట్టే తండ్రి అశోక్ సాయానికి వచ్చినవాళ్ల కంటపడి బతికి బయటపడ్డాడు. ఆ మాట కొడుక్కి చెప్పేనాటికే పేరు మారిపోయింది. ఆ నవలలో నన్ను అన్నిటికన్నా కలచివేసింది ఈ ఆలస్యమే. మీ అమ్మగారి గురించి మీ అమ్మాయికి ఏం తెలుసు? గోడ మీద ఫొటో, ఏటా తద్దినం, అంతేనా? ఆవిడ ఎలా నవ్వేది, ఎవరితో పోట్లాడేది, మీరు విమానం ఎక్కిన రోజు ఏం మూట కట్టి ఇచ్చింది, ఇవన్నీ చెప్పండి. ‘పేరెందుకు మార్చావు’ అని మాత్రం మొదలుపెట్టకండి. ఆ మాటతో ఫోన్ రెండు నిమిషాల్లో అయిపోతుంది.

గోగోల్ పద్నాలుగో పుట్టినరోజుకి తండ్రి ఇచ్చిన పుస్తకాన్ని ఏళ్ల తరబడి తెరవలేదు. తండ్రి పోయిన చాన్నాళ్లకి, తల్లి ఇల్లు అమ్మేసే వేళకి తెరిచాడు. మీరు మీ కూతురు ఇచ్చింది ఇచ్చినట్టే చదివారు. ఆ సంగతి తనకి తెలియాలి. ఈసారి ఫోన్ మోగితే మీరే తీయండి. కోపం వచ్చిందన్న మాట కూడా దాచకుండా చెప్పండి, తట్టుకోగలదు. తర్వాత మీరూ ఒక పెన్సిల్ తీసుకుని, ఆ రైస్ క్రిస్పీస్ పేజీలో గీత గీసి, తను మళ్లీ సెలవులకి వచ్చినప్పుడు పుస్తకం తన చేతిలో పెట్టండి.