బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌కి మన జువాలజీ చదువులు ఎందుకు నచ్చలేదు?

ఎందుకు నచ్చుతాయండీ! బతికున్న జంతువుల్ని చూడటం మానేసి చచ్చినవాటిని కోయించటమే చదువంటే ఎట్టా నచ్చుద్ది? గుంటూరులో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చదివిన నాకే నచ్చలా. ఆయనేమీ చుట్టపుచూపుగా వచ్చి నాలుగు రాళ్లేసి పోయిన రకం కాదు, 1957లో ఇంగ్లాండ్ వదిలేసి కలకత్తా వచ్చాడు, మన పౌరసత్వం తీసుకున్నాడు, 1964లో భువనేశ్వర్‌లోనే పోయాడు. తెల్లోళ్లు పోయినా వాళ్ల సిలబస్ పోలా: కొయ్యి, బొమ్మ గియ్యి, లేబుల్ పెట్టు.

మా ల్యాబ్ కిటికీకి ఒకసారి కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టింది. ప్రాక్టికల్ జరుగుతుంటే అది సాలీళ్లని మోసుకొచ్చి లోపల కుక్కేది. చంపదండీ, కుట్టి కదలకుండా చేస్తది, గుడ్డులోంచి వచ్చే పిల్లకి అదే తిండి. నేనూ నా పక్కనోడూ ఫార్మలిన్ జాడీ వదిలేసి దాన్నే చూస్తుంటే మా సారొచ్చి "ఏందిరా, అది సిలబస్‌లో ఉందా" అని కసిరాడు. మర్నాడు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తున్నాడని అటెండర్ చీపురుతో గూడు రాల్చేశాడు. పగిలిన మట్టిలో సాలీళ్లు ఇంకా కాళ్లు కొద్దికొద్దిగా ఆడిస్తున్నాయి, మేం వంగి చూస్తుంటే ఆయన వాటిని తొక్కుకుంటా బకెట్ తెచ్చుకోను పోయాడు.

తర్వాతెప్పుడో తెలిసింది, హాల్డేన్ భార్య హెలెన్ స్పర్వే, ఆయన శిష్యుడూ మన పిఠాపురం మనిషీ అయిన ద్రోణంరాజు కృష్ణారావు, జయకర్ అనే ఆయన, ముగ్గురూ కలిసి ఈ జాతి పురుగు కట్టిన ఒకే ఒక్క గూడు మీద 1964లో పేపర్ రాశారంట! ద్రోణంరాజు అయితే సీతాకోకచిలకలు ఏ రంగు పూల మీద వాలతాయో కూడా చూశాడు. నోట్‌బుక్కు, ఓపిక, అంతే ఖర్చు.

మా నాయనమ్మ ఏమో కుమ్మరి పురుగు ఇంకో పురుగుని తెచ్చి చుట్టూ ఝుమ్మంటా తిరిగి తనలా మార్చుకుంటదని చెప్పేది, భ్రమరకీటక న్యాయం. తప్పే అనుకోండి, కానీ ఆవిడ కనీసం గూటివైపు చూసింది, మా డిపార్ట్‌మెంట్ మొత్తంలో ఒక్క లెక్చరరూ చూడలా.

ప్రాక్టికల్ రికార్డుల గోల ఇంకోటి. సీనియర్ రికార్డు తెచ్చుకుని గాజుపలక కింద లైటు పెట్టి ట్రేస్ చేయటమే, కప్ప మొహం చూడకుండా కప్ప గుండెకి ఫుల్ మార్కులు. కార్పొరేట్ ఇంటర్ కాలేజీలైతే మరీ దారుణం, అక్కడ జంతువంటే ఒక బిట్టు.

2014లో యూజీసీ డిసెక్షన్లు ఆపేయమంది, మంచిదే. కానీ విజయవాడలో డిగ్రీ చదివే మా మేనకోడల్ని వాటి బదులు ఏం చేస్తున్నారే అనడిగితే చార్టు చూపించింది. కాలేజీ పక్కనే బందరు కాలవ, గట్టు మీద కొంగలు, నత్తలు, తూనీగలు కావల్సినన్ని. అక్కడికి తీసుకెళ్లమని అడగొచ్చుగా అంటే ప్రిన్సిపాల్ పర్మిషన్, పేరెంట్స్ సంతకం రెండూ కావాలంట మావయ్యా అంది.