పనిచేయని వెబ్‌క్యామ్ కోసం ల్యాప్‌టాప్ మార్చాలా?

ప్రశ్న: ఇంటి దగ్గరే ఉండి ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెబుతాను. పాత ల్యాప్‌టాప్ బాగా నెమ్మదించిందని విండోస్ తీయించి లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకున్నాను. ల్యాప్‌టాప్‌లోని కెమెరా ఎప్పుడో పాడైంది. చవగ్గా వస్తోందని తెలిసినవాళ్ల దగ్గర వాడిన వెబ్‌క్యామ్ ఒకటి కొన్నాను. దానితో విండోస్ డ్రైవర్ (కెమెరాను నడిపించే సాఫ్ట్‌వేర్) సీడీ ఇచ్చారు. లినక్స్‌లో మాత్రం బొమ్మ రావడం లేదు. అమ్మినవాళ్లు దాన్ని వెనక్కి తీసుకోము అంటున్నారు. మళ్లీ విండోస్ కొనాలా, వాయిదాల మీద కొత్త ల్యాప్‌టాప్ తీసుకోవాలా, లేక ఖరీదైన 4కె వెబ్‌క్యామ్ కొనాలా? నెలకు మిగిలేది అంతంత మాత్రమే.

జవాబు: మూడూ వద్దండీ. ఆ వాడిన కెమెరాకు పెట్టిన డబ్బు ఎలాగూ పోయింది. దాన్ని ఎలాగైనా పనిచేయించాలన్న పట్టుదలతోనే మీరు విండోస్ దాకా, కొత్త ల్యాప్‌టాప్ దాకా వెళ్లారు. ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది ఈ లెక్క. ఆ కెమెరా అసలు మీ దగ్గర లేదనుకుని, ఈ రోజు ఏం కొంటే పాఠాలు సజావుగా నడుస్తాయో అంతవరకే చూద్దాం.

విండోస్ మాట ముందు తేల్చేస్తాను. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, చాలా పాత ల్యాప్‌టాప్‌లలో అది ఉండదు. నెమ్మదించిందని వదిలించుకున్నదాన్ని డబ్బిచ్చి మళ్లీ తెచ్చుకోవడం ఎందుకు? ఇక ల్యాప్‌టాప్. పాఠాలు చెప్పడానికి ఉన్నది సరిపోతున్నప్పుడు కెమెరా వంకతో నెలనెలా వాయిదా నెత్తిన పెట్టుకోవద్దు. పైగా కొత్తది కొన్నా కెమెరా చిక్కు తీరుతుందన్న హామీ లేదు. ఈమధ్య వస్తున్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో లోపలి కెమెరా యూఎస్‌బీ మీద కాకుండా నేరుగా ఇంటెల్ ఇమేజ్ ప్రాసెసర్‌కు కలిపి ఉంటుంది. వాటిని లినక్స్‌లో నడిపించడానికి అనుభవజ్ఞులే తిప్పలు పడుతున్నారు.

ఏమీ కొనకముందు మీ ఫోన్ సంగతి చూడండి. ఆండ్రాయిడ్ 14 నుంచి కొన్ని ఫోన్లను యూఎస్‌బీ వైరుతో కలిపితే, ఎంపికల్లో వెబ్‌క్యామ్ అని కూడా కనిపిస్తుంది. అది నొక్కితే లినక్స్ ఆ ఫోన్‌ను మామూలు కెమెరాగానే గుర్తిస్తుంది. మీ ఫోన్‌లో ఆ ఎంపిక లేకపోయినా, ఆండ్రాయిడ్ 12 లేదా ఆపై వెర్షన్ ఉంటే ఎస్‌సీఆర్‌సీపీవై (scrcpy) అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఫోన్ కెమెరాను లినక్స్‌కు అందించవచ్చు. కాస్త ఓపిక కావాలి, అంతే. ఫోన్ కెమెరా సాధారణంగా చవక వెబ్‌క్యామ్ కన్నా మెరుగ్గానే ఉంటుంది. ఒక వారం దీంతో పాఠం చెప్పి చూడండి. క్లాసు మధ్యలో ఫోన్లు వచ్చి ఇబ్బందిగా ఉంటే, ఫోన్ వేడెక్కుతుంటే, అప్పుడు కెమెరా కొందాం.

కొనేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి: యూవీసీ. యూఎస్‌బీ కెమెరాలన్నీ ఒకే భాష మాట్లాడాలని పెట్టుకున్న ప్రమాణం ఇది. దీన్ని పాటించే కెమెరాకు విడిగా డ్రైవర్ అక్కర్లేదు. దానికి కావలసిన డ్రైవర్ 2008లోనే, 2.6.26 వెర్షన్‌తో, లినక్స్ కెర్నెల్‌లో, అంటే దాని మూల భాగంలో, చేరిపోయింది. పెట్టె మీద యూవీసీ అని ఉంటే సరే. లేకపోతే డ్రైవర్ అవసరం లేదనో, లినక్స్‌లోనో క్రోమ్ ఓఎస్‌లోనో పనిచేస్తుందనో ఉందా చూడండి. మీరు కొన్నదానిలా సీడీ వేస్తే తప్ప నడవదంటే ఎంత చవకైనా ముట్టుకోకండి. పాత కెమెరాల్లో కొన్నిటికి జీఎస్‌పీసీఏ అనే డ్రైవర్ల గుంపు కూడా లినక్స్‌లో ఉంది. కానీ వాటిలో చాలావరకు 640×480 దాటని కాలం నాటివి. వాటితో లెక్కలు చెబితే పిల్లలకు అంకెలు అలుక్కుపోయి కనిపిస్తాయి.

డబ్బు ఎక్కువగా పోయేది 4కె దగ్గరే. మీకది అవసరం లేదు, వీడియో కాల్‌లో అవతలివాళ్లకు అంత స్పష్టత సాధారణంగా చేరదు కూడా. ముఖం కనిపిస్తే చాలనుకుంటే 720పీ, పక్కన బోర్డు మీద రాసి చూపించాలంటే 1080పీ. అంతకు మించి ఇవ్వకండి. అయితే ఒక విషయం మాత్రం అడగండి: ఎంజేపెగ్ ఇస్తుందా? అంటే ప్రతి ఫ్రేమునూ కెమెరాయే కుదించి పంపుతుందా అని. కుదించని 720పీ వీడియో సెకనుకు 30 ఫ్రేములతో రావాలంటే ప్రతి సెకనుకూ సుమారు 55 మెగాబైట్లు పారాలి. యూఎస్‌బీ 2.0లో కెమెరాకు దక్కేది అందులో సగం కూడా ఉండదు. అందుకే ఎంజేపెగ్ లేని కెమెరా పెట్టె మీద ఎంత గొప్ప అంకె రాసి ఉన్నా, తెర మీద బొమ్మ నత్తనడక నడుస్తుంది.

పెట్టె మీద మెరిసే మరికొన్ని సౌకర్యాలకు కూడా లోబడకండి. ఈ విషయంలో నాకూ చేతిచమురు వదిలింది. వెనక గది మసకబార్చే సౌకర్యం ఉందని ఒకసారి ఎక్కువ పెట్టి కెమెరా కొన్నాను. ఆ మసకబార్చే పని చేసేది కెమెరా కాదు, తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేర్. అది లినక్స్‌లో నడవదు. నేను ఇచ్చిన అదనపు డబ్బంతా నాకు తెరుచుకోని ప్రోగ్రామ్‌కే పోయింది. వెలుతురు, రంగులు, ఫోకస్ లాంటివి సర్దుకోవడానికి జీయూవీసీవ్యూ (guvcview) అనే ఉచిత ప్రోగ్రామ్ చాలు.

అలా మిగిలిన దానితో ఒక మంచి టేబుల్ ల్యాంప్ కొని ముఖానికి ఎదురుగా, కాస్త పైన పెట్టుకోండి. వెలుతురు తక్కువైతే చాలా చవక కెమెరాలు ఒక్కో ఫ్రేముకు ఎక్కువసేపు తీసుకుని బొమ్మను తడబడేలా చేస్తాయి. ల్యాంప్ పెట్టాక అదే కెమెరా రెండింతల ధరదానిలా పనిచేస్తుంది. మైకు కోసం కూడా అదనంగా ఇవ్వకండి, ఫోన్‌తో వచ్చిన ఇయర్‌ఫోన్ ఉంటే అది పెట్టుకోండి. పిల్లలకు ముందు మీ గొంతు వినపడాలి.

ఎంత పెట్టాలి? ఒక నెలలో అన్ని ఖర్చులూ పోగా మీకు మిగిలేదానిలో కెమెరా, ల్యాంప్ రెండూ వచ్చేయాలి. రాకపోతే ఇంకో నెల ఫోన్‌తో నెట్టుకురండి. అప్పు వద్దు, వడ్డీ లేని వాయిదా అన్నా వద్దు. ఇంత చిన్న వస్తువుకు వాయిదా మొదలైతే పక్కనే ఇంకొకటి వచ్చి చేరుతుంది. అత్యవసరానికి దాచింది కూడా దీనికి తీయకండి.

వెనక్కి తీసుకుంటామని రాసిచ్చే చోటే కొనండి, ఈసారి తెలిసినవాళ్ల దగ్గర వద్దు. ఇంటికి తెచ్చిన రోజే, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) అని కొట్టి కెమెరా పేరు కనిపిస్తోందో లేదో చూడండి. తర్వాత జీయూవీసీవ్యూ తెరిచి 720పీ ఎంజేపెగ్ ఎంచుకుని సెకనుకు 30 ఫ్రేములు వస్తున్నాయా గమనించండి. ఆపైన స్నేహితురాలిని ఎవరినైనా కాల్‌లో కూర్చోబెట్టుకుని ఒక గంటసేపు నిజం క్లాసులాగే చెప్పండి. మధ్యలో కెమెరా ఒక్కసారి ఆగిపోయినా, వేరే యూఎస్‌బీ పోర్టులో పెట్టి మళ్లీ చూడండి. అక్కడా అదే తీరైతే మొహమాటపడకుండా గడువులోపే తిరిగి ఇచ్చేయండి.