క్లబ్బు చరిత్ర రాస్తున్న బుజ్జికి

చి. బుజ్జికి,
బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతో పాటు మొదటి అధ్యాయం అందాయి. హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర తెలుగులో రాయాలని నీకు తోచడమే సంతోషం. ముప్పై ఏళ్లు పత్రికలో ఆటల పేజీ చూసినవాడిని కాబట్టి నాలుగు మాటలు చెబుతాను. కోపం తెచ్చుకోకు.

నువ్వు రహీం గారితో మొదలుపెట్టావు. అధ్యాయం బాగుంది, చోటు మాత్రం అది కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచినా, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చినా కోచ్ ఆయనే. కానీ నువ్వు రాస్తున్న క్లబ్బుకు ఆ జట్టుతో చుట్టరికం లేదు. అది పోలీసు శాఖ జట్టు, ఇది ప్రైవేటు కంపెనీ నడిపిన క్లబ్బు. ఊరు ఒకటే కాబట్టి అభిమానులు ఆ వారసత్వం చెప్పుకుంటారు, చెప్పుకోనివ్వు. చరిత్ర రాసేవాళ్లు ముత్తాతను అరువు తెచ్చుకోకూడదు. రహీం గారిని ఊరి ఫుట్‌బాల్ గురించి రాసే అధ్యాయంలోకి మార్చు.

నీ కథ నిజానికి పుణెలో మొదలవుతుంది. దేశంలో పై అంచె ఫుట్‌బాల్ పోటీ అయిన ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడుతున్న ఎఫ్‌సీ పుణె సిటీ డబ్బు ఇబ్బందులతో మూతపడితే, లీగులో దాని స్థానం ఖాళీ అయింది. 2019 ఆగస్టు 27న ఆ స్థానంలో హైదరాబాద్ క్లబ్బు వస్తున్నట్టు ప్రకటించారు. యజమానులు విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని. అంతకు ముందు పుణెకు కోచ్‌గా ఉన్న ఫిల్ బ్రౌనే ఇక్కడా కోచ్. ఆటగాళ్లలో కూడా చాలామంది అక్కడి వాళ్లే. అక్టోబరు 25న కోల్‌కతాలో అక్కడి జట్టు ఏటీకేతో తొలి మ్యాచ్ ఆడి 0-5తో ఓడారు. రెండు నెలల్లో అతికించిన జట్టు మరెలా ఆడుతుంది? ఆ ఏడాది పది జట్లలో పదో స్థానం.

అందుకే నా అసలు సలహా ఇది. క్లబ్బు అనే మాటను నాలుగు పోగులుగా విడదీసి రాసుకో: లీగులో దాని స్థానం, యజమాని డబ్బు, జట్టు, ఊరు. ఏ పోగు ఏ ఏడాది ఎటు కదిలిందో ఒక పెద్ద కాగితం మీద గీసుకో. ఈ క్లబ్బు కథలో అవి నాలుగూ ఒక్కచోట స్థిరంగా ఉన్న కాలం చాలా తక్కువ.

జట్టు గురించి రాసేటప్పుడు గోల్స్ లెక్కతో ఆగిపోకు. ఆల్బర్ట్ రోకా కోచ్‌గా రావాల్సి ఉండగా బార్సిలోనా పిలిచిందని వెళ్లిపోయాడు. ఆయన బదులు 2020లో మనోలో మార్కెజ్ వచ్చాడు. కుర్రాళ్లను నమ్మే మనిషి. 2021-22 నుంచి మైదానంలో ఒకేసారి ఆడే విదేశీయుల సంఖ్యను లీగు అయిదు నుంచి నాలుగుకు తగ్గించింది. అలాంటప్పుడు మంచి భారతీయ కుర్రాళ్లున్న క్లబ్బుకు లాభమే కదా. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఆకాశ్ మిశ్రా, సిక్కిం నుంచి ఆశిష్ రాయ్, మణిపూర్ నుంచి చింగ్లెన్‌సనా సింగ్, యాసిర్ ఆ జట్టులో ఉన్నారు. వాళ్ల ముందు పద్దెనిమిది గోల్స్ కొట్టిన నైజీరియా ఫార్వర్డ్ ఒగ్‌బెచె. ఈ వరుసలో తెలుగు పేరు లేదని నువ్వే గమనిస్తావు. ఆ సంగతి దాచకుండా రాయి.

2022 మార్చి 20 లీగు ఫైనల్‌కు మాత్రం పేజీలు ఖర్చుపెట్టు, పిసినారితనం వద్దు. గోవాలోని ఫతోర్దా మైదానం. గ్యాలరీల నిండా పసుపు చొక్కాలు, అందరూ కేరళ బ్లాస్టర్స్ అభిమానులే. తీరా చూస్తే మైదానంలో పసుపు వేసుకున్నది హైదరాబాద్. ఆ మ్యాచ్‌కు సొంత జట్టు (హోమ్ టీమ్) హోదా మనకు దక్కడంతో బ్లాస్టర్స్ నల్ల చొక్కాల్లో దిగారు. 68వ నిమిషంలో రాహుల్ కేపీ వాళ్లకు గోల్ చేశాడు. 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా పెనాల్టీ పెట్టె బయటి నుంచి, బంతి నేలను తాకకముందే కొట్టి సమం చేశాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో గెలిచాం. తవోరా, కట్టిమణి ఇద్దరూ గోవా వాళ్లే! కోవిడ్ కారణంగా ఆ సీజనంతా, దానికి ముందు సీజను కూడా, గోవాలోనే జరిగింది. అంటే మన క్లబ్బు కప్పు గెలిచిన ఏడాది తన సొంత మైదానం ఉన్న గచ్చిబౌలిలో ఒక్క లీగు మ్యాచ్ కూడా ఆడలేదు. నా దృష్టిలో ఈ పుస్తకానికి ఇదే గుండెకాయ.

గచ్చిబౌలికి ఒకసారి వెళ్లి గ్యాలరీలో కూర్చుని చూడు. బాలయోగి స్టేడియం అథ్లెటిక్స్ కోసం కట్టింది, ప్రభుత్వానిది. గ్యాలరీకీ గడ్డికీ మధ్య పరుగు ట్రాక్ ఉంటుంది. ఆటగాడి ముఖం కనిపించదు, కోచ్ అరుపు వినిపించదు. అంత దూరం నుంచి కూడా డప్పులు కొట్టిన దక్కన్ లీజియన్ అభిమానులను కలువు. వాళ్ల ఫోన్లలో ఉన్న ఫొటోలు ఏ పత్రిక దగ్గరా దొరకవు.

పతనం గురించి రాసేటప్పుడు కలం పట్టి ఉంచు. 2023లో మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకు వెళ్లాడు. ఆ తర్వాత జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం, విదేశీయుల నిష్క్రమణ. కోచ్ తంగ్‌బోయ్ సింగ్‌టో కుర్రాళ్లతోనే సీజన్ లాగించి ఒక్క మ్యాచ్ గెలిచాడు. మళ్లీ ఆఖరి స్థానం. అయినా కింది లీగుకు దిగలేదు, అప్పట్లో ఆ లీగులో దిగడం అనేదే లేదు కాబట్టి. స్థానం అనే పోగు ఎంత విలువైనదో అక్కడ పాఠకుడికి అర్థమయ్యేలా చెప్పు. బకాయిల విషయంలో పుకార్లు వద్దు. బయటికి వచ్చిన ఉత్తర్వులు, ఆటగాళ్లు తమ పేరుతో చెప్పిన మాటలు చాలు. ఆటగాడితో మాట్లాడేటప్పుడు ఎంత రావాలని మొదటే అడగకు. ఆ నెలల్లో సాధన ఎలా సాగిందో అడుగు, మిగతాది అతనే చెబుతాడు.

2024లో బీసీ జిందాల్ గ్రూపు క్లబ్బును తీసుకుంది. 2025లో అది ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పుణె ఖాళీ చేసిన కుర్చీ మన ఊళ్లో ఆరేళ్లుండి వెళ్లిందన్నమాట. నీ పుస్తకం అక్కడ ఆగాలి. ఢిల్లీ కథ వాళ్లు రాసుకుంటారు. అజీజ్‌నగర్‌లో సొంత మైదానం ఉన్న మరో క్లబ్బు శ్రీనిధి డెక్కన్ 2022-23లో, ఆ మరుసటి సీజన్‌లో అప్పటి రెండో అంచె పోటీ అయిన ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. అనుబంధంగా దానికి రెండు పేజీలు ఇచ్చినా తప్పులేదు.

ఫైనల్ అధ్యాయం ముందు రాసి పంపు. నిమిషాలు, స్కోర్లు ఎర్ర సిరాతో రాయి, ఒక్కొక్కటీ సరిచూసి పెడతాను.

ఆశీస్సులతో,
బాబాయి