మంచు దారి మీద ట్రక్కు తోలబోతున్న మా అబ్బాయికి

చిరంజీవి సుధీర్‌కు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు కెనడా వచ్చి బ్రాంప్టన్‌లో పెద్ద ట్రైలర్ ట్రక్కులు తోలే ‘ఏజెడ్’ లైసెన్సు తీసుకున్నావనీ, ఈ చలికాలం ఉత్తరాన ఉన్న ఎల్లోనైఫ్ వెళ్లి వజ్రాల గనులకు సరుకు చేరవేసే మంచు దారి మీద పని చేయాలనుకుంటున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత స్టీరింగ్ పట్టినవాడివి నువ్వే కనుక నాకు చాలా గర్వంగా ఉంది. కానీ ఈ కోరిక నీకు టీవీలో ‘ఐస్ రోడ్ ట్రక్కర్స్’ కార్యక్రమం చూశాక పుట్టిందని విన్న దగ్గర నుంచి మనసు కుదురుగా లేదు. ఎడ్మంటన్ నుంచి ఉత్తరానికి ఏళ్ల తరబడి లోడ్లు తీసుకెళ్లినవాణ్ణి కనుక, ఆ కార్యక్రమంలో ఎంత నిజమో, ఏది కాదో నువ్వు బయలుదేరే ముందే చెప్పడం నా బాధ్యత అనుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ దారి నిజం, ఆ చలి నిజం, ఆ డ్రైవర్లూ నిజంగా ట్రక్కులు తోలేవాళ్లే. 2007లో హిస్టరీ ఛానల్ వాళ్లు మొదటి సీజను తీసింది ఎల్లోనైఫ్ దగ్గర మొదలయ్యే టిబ్బిట్–కాంట్వొయ్టో దారి మీదే. అయితే మొదట్లో టైటిళ్లు పడేటప్పుడు మంచు విరిగి నీళ్లలో మునిగిపోయే ట్రక్కు ఉంది చూశావూ, అది స్టూడియోలో బొమ్మ ట్రక్కుతో తీసిన దృశ్యం. దానికన్నా నాకు ఎక్కువ బాధ కలిగించేది, ఎవరు ఎన్ని లోడ్లు వేశారో లెక్కలు చూపించి డ్రైవర్ల మధ్య పందెం ఉన్నట్టు కథ నడపడం. ఆ దారి మీద పందెం వేసుకునే అవకాశమే ఉండదు. లోడుతో ఉన్న ట్రక్కు గంటకు 25 కిలోమీటర్లకు మించి పోకూడదు. దారి కాపలా వాళ్లు రాడార్‌తో వేగం కొలుస్తుంటారు, మీరినవాణ్ణి దారి నుంచి పంపించేస్తారు. ట్రక్కులు జట్లుగా, నిర్ణీత వ్యవధిలో ఒక జట్టు తర్వాత మరొకటిగా బయలుదేరతాయి. నువ్వు ముందుకు దూకి గెలిచేదంటూ అక్కడ ఏమీ ఉండదు.

ఆ వేగం ఎందుకో తెలిస్తే నీకే కాలు యాక్సిలరేటర్ మీద గట్టిగా పడదు. ఆ దారిలో నూటికి ఎనభై అయిదు పాళ్లు గడ్డకట్టిన సరస్సుల మీదే పోతుంది. బరువైన ట్రక్కు పోతున్నప్పుడు దాని కింద మంచు కొద్దిగా వంగి, అడుగున ఉన్న నీటిలో ఒక అల పుడుతుంది. మన కృష్ణా కాలువలో పడవ వేగంగా పోతే అల గట్టును కొట్టుకుని వెనక్కి వస్తుందే, సరిగ్గా అలాగే ట్రక్కు వేగం మీరితే ఆ అల ఒడ్డుకు తగిలి తిరిగి వచ్చి కింది నుంచి మంచును పగలగొడుతుంది. అందుకే సరస్సు దాటి ఒడ్డెక్కే చోట వేగం ఇంకా తగ్గించమంటారు. మంచు మందాన్ని భూమిలోకి చూసే రాడార్‌తో కొలిచి, సుమారు 70 సెంటీమీటర్లు ఉంటే తేలిక లోడ్లకూ, 107 సెంటీమీటర్ల దాకా పెరిగాక నిండు లోడ్లకూ అనుమతిస్తారు. 1982లో లూపిన్ బంగారు గని కోసం వేసిన ఆ దారి ఏటా జనవరి చివరి నుంచి మార్చి చివరి దాకా మాత్రమే తెరిచి ఉంటుంది. 2006లో చలి చాలక మంచు పలచబడితే, ప్రమాదమని తెలిసి లోడ్లు పంపడం మధ్యలోనే ఆపేశారు. మిగిలిన సరుకును గనుల వాళ్లు విమానాల్లో మోయించుకున్నారు. ఆ మరుసటి ఏడాది చలి బాగా పట్టినప్పుడు అదే దారి మీద పదివేల తొమ్మిది వందలకు పైగా లోడ్లు ఉత్తరానికి వెళ్లాయి. టీవీలో మంచు పగిలే చప్పుడు వినిపించి భయపెడతారు కానీ, మంచు బరువు మోస్తున్నప్పుడు అలా చప్పుడు చేయడం మామూలే.

కనుక నాకు మంచు కింద నీళ్ల భయం అంతగా లేదురా. గంటకు 25 కిలోమీటర్ల చొప్పున, అన్ని వైపులా తెలుపే కనిపించే చోట, రాత్రంతా కూర్చుంటే వచ్చే నిద్రంటే భయం. అరవయ్యో అక్షాంశానికి ఉత్తరాన చట్టం రోజుకు 15 గంటల డ్రైవింగ్‌కు ఒప్పుకుంటుంది, దక్షిణాన 13. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన నీ ఒళ్లు ఒప్పుకోదు. రెప్ప బరువెక్కితే ఆపి పడుకో, ఎవరేమన్నా సరే.

అసలు ప్రమాదం మంచు దారి దాకా వెళ్లే మామూలు రోడ్డు మీద ఉంది. ఆ రోడ్డును టీవీ వాళ్లు చూపించేదే తక్కువ. మైనస్ నలభై డిగ్రీల్లో మంచు గరుకుగా ఉండి టైరుకు కాస్త పట్టు ఇస్తుంది. సున్నాకు అటూ ఇటూ ఉన్న రోజే రోడ్డు తడిగా కనిపిస్తూ బ్లాక్ ఐస్‌గా మారిపోతుంది. ముందు బండి టైర్ల నుంచి లేచే నీటి తుంపర హఠాత్తుగా ఆగిపోయిందంటే ఆ తడి గడ్డకట్టిందని అర్థం. అద్దాన్ని పట్టుకుని ఉండే కమ్మీ అంచున సన్నగా మంచు పేరుకుంటోందేమో చూస్తూ ఉండు, రోడ్డు సంగతి ముందుగా అది చెబుతుంది. అప్పుడు క్రూయిజ్ కంట్రోల్, ఇంజిన్ బ్రేకు రెండూ ఆపేయాలి. ఎల్లోనైఫ్ దారిలో ఫోర్ట్ ప్రొవిడెన్స్ అనే ఊరు దాటాక అడవి దున్నలు రాత్రిళ్లు రోడ్డు మీదే నిలబడి ఉంటాయి. వాటి నల్లటి ఒళ్లు హెడ్‌లైట్ల వెలుగును మింగేస్తుంది, దగ్గరకు వెళ్లేదాకా కనబడవు.

ఇక ఒక్క సంగతి మాత్రం వివరంగా రాస్తాను. మా దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడొకడు ఉండేవాడు, తెనాలి దగ్గరివాడు, పని తెలిసినవాడు. ఒక మార్చి నెలలో ఇద్దరం వేర్వేరు ట్రక్కుల్లో ఎల్లోనైఫ్ వెళ్తూ హై లెవెల్ అనే ఊళ్లో రాత్రికి ఆగాం. ఆ మధ్యాహ్నం ఎండకు రోడ్డు మీద మంచు కరిగి చక్రాలన్నీ తడిసిపోయాయి. అలాంటప్పుడు ఆపడానికి ముందు కొంత దూరం బ్రేకు మెల్లగా తొక్కుతూ పోయి చక్రాల బ్రేకు డ్రమ్ములు ఆరబెట్టుకోవాలి. పొద్దున సుత్తితో ఒక్కొక్క డ్రమ్మునూ తట్టి, బండిని నాలుగు గజాలు కదిపి, ట్రైలర్ చక్రాలన్నీ తిరుగుతున్నాయో లేదో అద్దాల్లో చూసుకోవాలి. విజయవాడ ఆటోనగర్‌లో నేను క్లీనరుగా ఉన్న రోజుల్లో మా డ్రైవరు, బండి కదిలే ముందు ప్రతి టైరునూ నా చేత రాడ్డుతో కొట్టించి చెవి ఒగ్గి చప్పుడు వినేవాడు. ఆ అలవాటే ఈ దేశంలోనూ నన్ను కాపాడింది, వాడికీ అదే నేర్పాను. కానీ ఆ ఉదయం లోడు మధ్యాహ్నానికల్లా చేరాలని వాడికి లోడ్లు అప్పగించే డిస్పాచర్ ఫోన్ చేశాడు. వాడు సుత్తి తీయలేదు, అద్దాలూ చూడలేదు.

కుడి వైపు వెనక చక్రాల బ్రేకు షూలు డ్రమ్ముకు గడ్డకట్టి అంటుకుపోయాయి. గట్టి మంచు మీద తిరగని చక్రం చప్పుడు లేకుండా జారుతుంది కాబట్టి ముందు కూర్చున్నవాడికి ఏమీ తెలియదు. గాలికి లేచిన మంచు పొడి సర్దుకున్నాక, రోడ్డు తేలిన చోట వాడి ట్రైలర్ వెనక నల్లటి గీత కనిపించి, రబ్బరు కాలిన వాసన నా క్యాబిన్‌లోకి వచ్చింది. రేడియోలో పిలిచి ఆపించాను. రెండు నిమిషాల పనే కదా అనుకుని వాడు స్వెట్టరు మీద, చేతికి తొడుగులు లేకుండా దిగి ఆ ఇనుము పట్టుకున్నాడు. నేను నా ట్రక్కు ఆపి కోటు పట్టుకుని చేరేసరికి వాడి వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నొప్పి లేదు బాబాయ్, అన్నాడు. నొప్పి లేకపోవడమే భయపడవలసిన సంగతి. రుద్దకుండా వాడి చేతులు నా చంకల్లో పెట్టుకుని క్యాబిన్‌లో కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాను. రెండు వేళ్ల కొసలు పోయాయి. ఇప్పటికీ మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు వాడు అన్నం కలుపుకుంటుంటే నేను ఆ చేతి వైపు చూడలేను. ఆ రోజు మంచు విరగలేదు, ట్రక్కు బోల్తా పడలేదు, అక్కడ కెమెరా ఉన్నా చూపించడానికి ఏమీ దొరికేది కాదు.

నీకు చూడాలని ఉంటే బ్రిటిష్ కొలంబియాలోని కోక్విహల్లా రోడ్డు మీద ట్రక్కులను లాగేవాళ్ల గురించి 2012 నుంచి వచ్చిన ‘హైవే త్రూ హెల్’ చూడు. సంగీతం, హడావుడి అందులోనూ ఉన్నాయి కానీ, టైర్లకు గొలుసులు వేసుకోకపోవడం, వేగం తగ్గించకపోవడం లాంటి చిన్న తప్పులకు ట్రక్కులు అడ్డంగా తిరగడం మాత్రం నిజంగా జరిగేదే. 2018 ఏప్రిల్ 6న సస్కాచెవాన్‌లో హంబోల్ట్ హాకీ జట్టు బస్సు ఒక ట్రక్కును ఢీకొని పదహారు మంది చనిపోయారు. అది పగటి పూట, రోడ్డు బాగానే ఉంది. ఆ ట్రక్కు డ్రైవరు పనిలో చేరి కొన్ని వారాలే అయింది, స్టాప్ గుర్తు దగ్గర ఆగకుండా వచ్చేశాడు. మన దేశం నుంచే వచ్చిన కుర్రవాడు. ఆ పిల్లల తల్లిదండ్రులనూ, ఈ కుర్రవాడి తల్లిదండ్రులనూ తలుచుకున్నప్పుడల్లా నీ ముఖమే కళ్ల ముందుకు వస్తుంది, ఏం చేయమంటావు?

శీతాకాలపు డీజిలే పోయించుకో. తొడుగులు మూడు జతలు పెట్టుకో, డీజిల్ పడి తడిసినవి వెంటనే మార్చు. దుప్పటి, తిండి, పలుగు, కొవ్వొత్తులు క్యాబిన్‌లో ఉండాలి. ట్రక్కు చెడితే దాన్ని వదిలి నడవవద్దు.

నా మాట వింటే ఈ చలికాలం ఎల్లోనైఫ్ వెళ్లకు. ఎడ్మంటన్ రా, మా ఇంట్లో ఉండి రెండు శీతాకాలాలు ఇక్కడి రోడ్ల మీద అనుభవమున్న డ్రైవరు పక్కన పని చెయ్యి, తర్వాత నేనే దగ్గరుండి పంపిస్తాను. అలా కాకుండా ఇప్పుడే వెళ్లి తీరాలనుకుంటే, నిన్ను పిలిచిన కంపెనీ ఇచ్చిన కాగితాలు సంతకం చేయకముందే నాకు పంపించు. జీతం లోడుకు ఇస్తారో గంటకు ఇస్తారో, వాతావరణం బాగోలేక ఆగితే ఆ గంటలకు డబ్బు కడతారో లేదో, మొదటి ట్రిప్పుల్లో తోడుగా పాతవాణ్ణి ఎవరినైనా పంపుతారో లేదో అందులో ఉండాలి. మీ పెద్దమ్మ నీ బూట్ల సైజు అడగమంది, అది కూడా రాయి.

ఇట్లు
మీ పెదనాన్న