నాన్నగారి పాత జూమ్ లెన్స్ అమ్మేయాలా?

ప్రశ్న: మా నాన్నగారి కానన్ ఏఈ-1 కెమెరా, ఆయన దానికి వాడిన ఎఫ్‌డీ 70-210 ఎంఎం ఎఫ్/4 జూమ్ లెన్స్ బీరువాలో లెదర్ కేసుల్లో దొరికాయి. లెన్స్ లోపల సన్నటి తెల్ల పోగులు కనిపిస్తున్నాయి. కిందికి వంచితే జూమ్ దానంతటదే జారిపోతోంది. నా కానన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కు బిగిద్దామంటే పట్టడం లేదు. ఆన్‌లైన్లో అడాప్టర్ చూశాను, కొనమంటారా? అమ్మేయమంటారా?
– ఒక పాఠకుడు, తార్నాక

జవాబు: అమ్మకండి. ఆ అడాప్టర్ కూడా కొనకండి.

ఎఫ్‌డీ (కానన్ పాత మాన్యువల్ ఫోకస్ రకం) లెన్స్ ఫిల్ముకు 42 మిల్లీమీటర్ల దూరంలో కూర్చునేలా చేసింది, మీ డీఎస్‌ఎల్‌ఆర్లో మౌంటు (లెన్స్ బిగించే చోటు) నుంచి సెన్సర్‌కు దూరం 44. 1987లో కానన్ ఆటోఫోకస్ కోసం మౌంటే మార్చేసింది, ఎఫ్‌డీ లెన్సులు కొనిపెట్టుకున్నవాళ్లకు అది నిజంగా అన్యాయమే. ఆ రెండు మిల్లీమీటర్ల తేడా వల్ల దూరంగా ఉన్నవాటి మీద ఫోకస్ కుదరదు, దూరపువాటిని దగ్గరగా చూపే టెలిఫొటో లెన్సుకు అది లేకపోతే ఇంకేం మిగిలింది? అందుకే అడాప్టర్లో ఒక గాజుబిళ్ల పెడతారు, చవక రకాల్లో ఆ బిళ్లే ఫొటోను మసకగా చేస్తుంది. ఎప్పుడైనా మిర్రర్‌లెస్ కెమెరా కొంటే మాత్రం గాజు లేని మామూలు అడాప్టర్ చాలు, ఎందుకంటే వాటిలో ఆ దూరం బాగా తక్కువ, సోనీ 'ఇ' (E) మౌంటులో 18, కానన్ ఆర్‌ఎఫ్‌లో 20 మిల్లీమీటర్లే. అప్పుడు లెన్స్ మీది ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) రింగును 'ఎ' (ఆటో) గుర్తు మీద ఉంచకండి, అడాప్టర్ మీద ఉండే లాక్ రింగును కూడా తిప్పాలి, లేకపోతే ఎపర్చర్ మూసుకోదు, లెన్స్ పాడైందనుకుని కంగారు పడతారు.

ఇక ఆ పోగులు, అది ఫంగసే. లెదర్ తేమను పట్టి ఉంచుతుంది, పైగా మన వానాకాలం. ఎపర్చర్ పూర్తిగా తెరిచి వెనకనుంచి మొబైల్ టార్చి వేసి చూడండి. మొదటి అద్దం మీదో చివరి అద్దం మీదో ఉంటే శుభ్రం చేయడం తేలిక. మధ్యలో ఉంటే మాత్రం లెన్స్ మొత్తం విప్పాలి, జూమ్ లెన్సును మళ్లీ సరిగ్గా అమర్చడం చేయి తిరిగినవాళ్ల పని, కాబట్టి కోఠి వైపు వెళ్లి పాత మాన్యువల్ లెన్సులు విప్పిన అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వండి, ఖర్చెంతో ముందే అడగండి. ఫంగస్ అద్దం మీది పూతను తినేసి ఉంటే తుడిచినా మచ్చ పోదు. అయినా కొద్దిపాటి మచ్చ మామూలు వెలుతురులో ఫొటోలో కనపడదు, ఎదురెండలో తీస్తేనే వెలవెలబోయినట్టు వస్తుంది. ఆ లెదర్ కేసు ఇక వాడొద్దు, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి.

జూమ్ జారడం గురించి టెన్షన్ వద్దు. ఒకే రింగును లాగితే జూమ్, తిప్పితే ఫోకస్ అయ్యే ఈ రకం లెన్సులు వాడేకొద్దీ వదులవుతాయి.

నన్నడిగితే దీన్ని ఏఈ-1 మీదే వాడండి. 70 దగ్గరైనా 210 దగ్గరైనా ఎఫ్/4 మారదు, జూమ్ చేసినప్పుడల్లా వెలుతురు లెక్క మళ్లీ వేసుకోనక్కర్లేదు, ఈ సుఖం ఈనాటి చాలా కిట్ జూముల్లో (కెమెరాతో కలిపి అమ్మే లెన్సుల్లో) లేదు. కెమెరాలో 4ఎల్‌ఆర్44 బ్యాటరీ కొత్తది వేయండి, అది లేకుండా షట్టర్ కదలదు. 400 ఐఎస్‌ఓ ఫిల్ము ఎక్కించి, లెన్స్ 'ఎ' మీద పెట్టి (ఏఈ-1 మీద ఎపర్చర్‌ను కెమెరాయే చూసుకుంటుంది), పొద్దున్నే అమీన్‌పూర్ చెరువు గట్టుకు వెళ్లండి. 210 దగ్గర చేత్తో తీసేటప్పుడు షట్టర్ స్పీడు 250 (అంటే సెకనులో 250వ వంతు) కంటే తగ్గనివ్వకండి.