కన్నీటి గ్రంథిలో లింఫోమా: కన్ను తీసేయాల్సి వస్తుందా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 66 ఏళ్లు, చేపల చెరువు చూసుకుంటారు. ఏడాదిగా ఆయన ఎడమ కంటి పైరెప్ప బయటి కొస వైపు ఉబ్బుతోంది. నొప్పి లేదు. కంటికురుపు అనుకుని కాపడం పెట్టాం. తర్వాత ఒకచోట ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలకు వాపు తగ్గింది కానీ, ఆపిన నెలకే తిరిగి వచ్చింది. చివరికి ముక్క తీసి పరీక్షిస్తే కన్నీటి గ్రంథిలో మాల్ట్ లింఫోమా అన్నారు. కన్ను తీసేస్తారా? ప్రాణానికి ప్రమాదమా?
- ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా మీ భయం గురించే చెబుతాను. లింఫోమా అంటే తెల్ల రక్తకణాల్లో వచ్చే క్యాన్సరే అయినా, ఈ జబ్బుకు సాధారణంగా కన్ను తీయవలసిన అవసరం రాదు. కన్నీటి గ్రంథిలో వచ్చే లింఫోమాల్లో ఎక్కువగా కనిపించేదీ, నెమ్మదిగా పెరిగేదీ ఈ మాల్ట్ రకమే. ఈ రకం వచ్చినవారిలో నూటికి 90 మంది దాకా ఐదేళ్ల తర్వాత కూడా దీనివల్ల ప్రాణాపాయం లేకుండా ఉంటారు.

కనుబొమ్మ బయటి కొస కింద, ఎముక గుంటలో, బాదంపప్పంత ఉండే గ్రంథి ఇది. లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు అక్కడ అదుపు తప్పి పెరిగినప్పుడు, వేలితో తాకితే రబ్బరు ముక్కలా గట్టిగా తగులుతుంది, రెప్ప అంచు బయటి వైపు వాలి పడుకోబెట్టిన ఎస్ అక్షరంలా వంపు తిరుగుతుంది, కనుగుడ్డు కాస్త కిందికీ ముక్కు వైపుకీ జరుగుతుంది. గడ్డ కనుగుడ్డు చుట్టూ ఒదిగిపోతుందే తప్ప ఎముకను తినేయడం అరుదు. అదే గ్రంథిలో వచ్చే మరో రకం క్యాన్సర్‌లో నొప్పి, ఎముక అరుగుదల తరచుగా కనిపిస్తాయి. రెండు మూడేళ్ల సంక్రాంతి ఫొటోలు వరుసగా పెట్టి చూడండి, రెప్ప ఎప్పుడు వాలడం మొదలైందో మీకే తెలుస్తుంది. ఆ ఫొటోలు డాక్టరుకూ పనికొస్తాయి.

స్టెరాయిడ్ సంగతి మాత్రం నన్ను బాధించింది. లింఫోమా కణాలు ఆ మందుకు తాత్కాలికంగా కరిగిపోతాయి కనుక, రోగం తగ్గినట్టే అనిపించి నిర్ధారణ నెలల తరబడి వెనక్కి పోతుంది. ఇలాంటి వాపుకు ముక్క పరీక్ష జరగకముందు స్టెరాయిడ్ వాడకూడదని ఈ శీర్షిక చదివే ప్రతి ఇంటివారికీ చెబుతున్నాను.

ఇక చికిత్సకు ముందు, జబ్బు గ్రంథికే పరిమితమా, మెడ, చంక, పొట్టలోని లింఫ్ గ్రంథులకు, ఎముక మూలుగకు కూడా చేరిందా అన్నది తేల్చాలి. అందుకు పెట్-సీటీ స్కాన్, రక్త పరీక్షలు, అవసరమైతే మూలుగ పరీక్ష చేస్తారు. రెండో కంటినీ చూస్తారు. నాన్నగారికి చాలాకాలంగా నోరు, కళ్లు పొడిబారుతుంటే ఆ మాట తప్పకుండా చెప్పండి. ఒంటి రక్షణ వ్యవస్థే కన్నీటి, లాలాజల గ్రంథులను దెబ్బతీసే షోగ్రెన్స్ జబ్బు ఉన్నవారిలో ఈ లింఫోమా ఎక్కువగా వస్తుంది.

ఒక్క గ్రంథికే పరిమితమైతే రేడియోథెరపీయే ప్రధాన చికిత్స. సుమారు 24 గ్రే (రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) మోతాదును రెండు మూడు వారాల్లో ఇస్తారు, అక్కడి గడ్డ చాలామందిలో పూర్తిగా కరిగిపోతుంది. కొందరికి మొత్తం 4 గ్రే మాత్రమే రెండు విడతల్లో ఇచ్చే పద్ధతీ ఉంది. తర్వాత కన్ను పొడిబారవచ్చు, శుక్లం త్వరగా రావచ్చు. జబ్బు ఇతర చోట్లకు పాకి ఉంటే రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ల గురించి ఆలోచిస్తారు. ఆ మందు లోపల దాగిన హెపటైటిస్ బి వైరస్‌ను మేల్కొలపగలదు, కాబట్టి ముందే ఆ పరీక్ష అయిందో లేదో అడగండి.

విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లేటట్లయితే ముక్క పరీక్ష రిపోర్టుతో పాటు ఆ గాజు స్లైడ్లు, ముక్కను భద్రపరిచిన మైనపు (పారఫిన్) దిమ్మ కూడా అడిగి తీసుకెళ్లండి, రెండోసారి ముక్క తీయించుకునే బాధ తప్పవచ్చు. ఈ జబ్బు ఐదేళ్లకో పదేళ్లకో కూడా తిరిగి రాగలదు కనుక, వాపు పోయిందని నాన్నగారు చూపించుకోవడం మానకుండా మీరే తారీఖులు గుర్తుపెట్టుకుని తీసుకెళ్లాలి.