డెత్ వ్యాలీకి వెళ్లేముందు

చి. అమ్మలుకి,

మే నెలాఖరు లాంగ్ వీకెండ్‌కి మీరిద్దరూ, ఇంకో ఇద్దరు స్నేహితులూ కలిసి నువ్వు నడిపే చిన్న సెస్నా విమానంలో కాలిఫోర్నియా ఎడారిలోని డెత్ వ్యాలీ వెళ్లాలనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. తప్పకుండా వెళ్లు. లాస్ ఏంజెలెస్ నుంచి చిన్న విమానంలో వెళ్లడానికి అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. కానీ మేలో వద్దు, నలుగురితో అసలు వద్దు.

అక్కడ దిగడం కష్టం కాదమ్మా. లెక్కంతా తిరిగి లేవడంలోనే ఉంది. అందుకని ప్లాన్‌ని చివరినుంచి మొదలుపెట్టు. తిరుగు ప్రయాణం రోజున ఎంత బరువుతో, ఎంత ఎండలో ఆ రన్‌వే వదలబోతున్నావో ముందు కాగితం మీద రాసుకో. మిగతావన్నీ దాన్నిబట్టే తేలతాయి.

డెత్ వ్యాలీలో నువ్వు దిగే ఫర్నేస్ క్రీక్ రన్‌వే పొడవు మూడు వేల అడుగులకి కాస్త పైన. సముద్రమట్టానికి 210 అడుగులు దిగువన ఉంది. అంత పల్లంలో గాలి చిక్కగా ఉంటుంది కదా అనిపిస్తుంది. ఎండ ఆ లాభాన్నంతా తినేస్తుంది. 43 డిగ్రీల మధ్యాహ్నం అక్కడ డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పల్చదనాన్నిబట్టి విమానానికి అనిపించే ఎత్తు, మూడు వేల అడుగులు దాటుతుంది. నేల మీద నిలబడే నీ ఇంజనూ రెక్కలూ కొండమీద ఉన్నట్టు పనిచేస్తాయి. పైగా అక్కడ పెట్రోలు దొరుకుతుందని నమ్ముకోకూడదు, రానుపోను ఇంధనం ఇక్కడే నింపుకోవాలి. నీ సెస్నా 172ఎస్‌లో వాడుకోగలిగే 53 గ్యాలన్లకే 318 పౌండ్లు. మనిషికి రోజుకి ఒక గ్యాలను నీళ్లు తప్పనిసరి, గ్యాలనుకి ఎనిమిది పౌండ్ల పైమాటే. ఈ లెక్క వేసి చూడు, వెనక సీట్లో ఇద్దరికి చోటు మిగలదు. మీ ఇద్దరే వెళ్లండి, ఫిబ్రవరిలో వెళ్లండి. స్నేహితులు కారులో వస్తే అక్కడ తిరగడానికి మీకూ బండి ఉంటుంది.

దారి విషయానికొస్తే, ట్రోనా ఊరి మీదుగా పానమింట్ లోయ పట్టుకుని టౌన్ పాస్ అనే కనుమ దగ్గర కొండలు దాటడం మేలు. ట్రోనా దగ్గర దారికి రెండు పక్కలా చైనా లేక్ నేవీ వాళ్ల నిషేధిత గగనతలం ఉంటుంది. ఆ సన్నని సందులోంచి పక్కకి జరగకు. ఆ ప్రాంతమంతా సైనిక విమానాలు నేలకి దగ్గరగా, మహా వేగంగా తిరుగుతాయి. ఆ గగనతలాన్ని చూసుకునే జాషువా అప్రోచ్ కంట్రోలర్లతో రేడియోలో మాట్లాడుతూ వెళ్లు, కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉండు.

టౌన్ పాస్ ఎత్తు ఐదు వేల అడుగులకి కొంచెం తక్కువ. 7,500 అడుగుల ఎత్తులో దాటు. దక్షిణాన టెలిస్కోప్ పీక్ 11,049 అడుగులు. పడమటి గాలి గట్టిగా వీస్తే ఆ కొండలకి తూర్పు వైపున, అంటే సరిగ్గా నువ్వు దిగబోయే వైపున, గాలి కిందకి తోసేస్తుంది. కొండల ఎత్తులో గాలి వేగం 25 నాట్లు (గంటకి సుమారు 46 కిలోమీటర్లు) దాటుతుందని చెబితే ఆ రోజు ఇంట్లో ఉండు. హోటల్ డబ్బులు పోతే పోనీ. పాస్ దాటిన వెంటనే దిగడం మొదలుపెట్టు. నిమిషానికి 500 అడుగుల చొప్పున నేల దాకా పదిహేను నిమిషాలకి పైగా పడుతుంది. ఆలస్యం చేస్తే రన్‌వే మీదకి ఎత్తుగా, వేగంగా వచ్చేస్తావు. ఎత్తు చూపే ఆల్టీమీటర్ ముల్లున్నదైతే నేల మీద వందల ముల్లు సున్నాకి వెనక్కి వెళ్లి 8 దగ్గర ఉంటుంది. కంగారు పడకు, అది సరైనదే.

సాలీన్ లోయలో చికెన్ స్ట్రిప్ అని పొట్టి మట్టి రన్‌వే ఒకటుంది. ఫొటోలు చూసి మనసు పడతావు. ఇప్పుడు దాని జోలికి పోకు.

తాళ్లు నీవే పట్టుకెళ్లి విమానాన్ని గట్టిగా కట్టు. వేడెక్కిన ఇంజన్ని స్టార్ట్ చేసే పద్ధతి నీ ఇన్‌స్ట్రక్టర్ దగ్గర చేతులతో చేసి నేర్చుకో. ఇంజెక్షన్ ఇంజన్ వేడిమీద మొండికేస్తుంది, బ్యాటరీ అయిపోయాక అక్కడ అడిగేవాళ్లుండరు. బస ఒక మైలు లోపే, నడిచిపోవచ్చు. లోయ అడుగున రేడియో సరిగ్గా అందదు, కాబట్టి ముందు ఇచ్చిన ఫ్లైట్ ప్లాన్‌ని గాలిలో ఉండగానే రేడియోలో చెప్పి ముగించు.

రెంటచింతల ఎండలు చూసిన కుటుంబమని ధీమా వద్దు. అక్కడి గాలిలో చెమట పట్టినట్టే తెలియదు, పట్టీపట్టగానే ఆరిపోతుంది. 1913 జూలై 10న అక్కడే 56.7 డిగ్రీలు నమోదైంది. 2024 జూలైలో ఎండదెబ్బ తగిలిన మోటార్‌సైకిల్ యాత్రికుణ్ణి తీసుకెళ్లడానికి అత్యవసర హెలికాప్టర్ కూడా రాలేకపోయింది, అంత వేడిలో అది ఎగరలేదు కాబట్టి. అలాంటి రోజు నువ్వూ ఎగరకూడదు.

ఫిబ్రవరిలో అయినా పొద్దున్నే దిగి, పొద్దున్నే లేచేలా పెట్టుకో. చీకటి పడ్డాక ఎగరొద్దు. రాత్రి బయట కూర్చుని ఆకాశం చూడు, అమెరికాలో అంత నల్లని ఆకాశం ఉన్న పార్కులు తక్కువ.

రన్‌వే పరిస్థితి మారుతూ ఉంటుంది. బయలుదేరే రోజు పొద్దున నోటామ్‌లు (పైలట్లకిచ్చే అధికారిక హెచ్చరికలు) చూడు, ముందురోజు పార్కు వాళ్లకి ఫోన్ చేసి అడుగు. నీ బరువు లెక్కలూ, రానూపోనూ టేకాఫ్ దూరాలూ వేసి వారం ముందే నాకు పంపు. ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న